మెట్రో ముంగిలి యెవరిది?

హైదరాబాదు నగరమున మియాపూరు, నాగోలు మెట్రో స్టేషనులకడ ప్రతిదినము నుదయవేళ ద్విచక్రవాహనములు బారులు తీరి నిలుచుట యెల్లరు నెఱిగినదే. ఆ తావులందు బండి నిలుపుటకు రుసుము విధింతుమని 2024 ఆగస్టు నెలలో ప్రకటన వెలువడగా ప్రయాణికులు తీవ్రముగా నిరసించిరి. అమలు కొన్నాళ్లు వాయిదాపడెను. అక్టోబరులో రుసుము రానేవచ్చెను. కలవరము చల్లాఱినది. కాని యది లేవనెత్తిన ప్రశ్న యట్లే నిలిచియున్నది. స్టేషను ముంగిట బండ్లకు చోటు కల్పించినయెడల రైలెక్కువారు పెరుగుదురా? పెరిగినచో నెందఱు పెరుగుదురు? ఆ పెంపునకై ప్రజలు చెల్లించు వెల యెంత?

ఈ విషయమున రెండు వాదములు వినవచ్చుచున్నవి. చోటు చూపినచాలును, జనము తామై వత్తురనునది యొకటి. సొంతబండ్లవారికి ప్రజలభూమి నేల యీయవలెననునది రెండవది. రెండును నర్ధసత్యములే. పార్కింగు స్థలము మంచిదా చెడ్డదా యని విడిగా నడుగుటవలన ఫలములేదు. అది యే స్టేషనుకడ నున్నది, ఏ బండికై యున్నది, దానివలన నెవరి దారి యిఱుకైనది యను మూడు ప్రశ్నలనుబట్టి దాని గుణదోషములు తేలవలెను. అట్లు విచారించి మేము చేరుకొనిన యభిప్రాయ మిది: నగరపు పొలిమేరలోని స్టేషనులకు ద్విచక్రవాహనముల చోటు కొంతకాలము అవసరము, కార్లకు చోటు పెంచుటవలన రైలునకు కలుగు లాభము స్వల్పము, కాలినడకకును బస్సునకును అడ్డువచ్చు చోటు ఏదైనను జనమును రైలునకు దగ్గఱ చేయుటకు మాఱుగా దూరము చేయును.

మొదట నిరసించినవారి పక్షమునగల న్యాయమును చెప్పవలెను. వారిలో పెక్కండ్రు శ్రీమంతులు కారు. పటాన్‌చెరు, బాచుపల్లి దిక్కులనుండి మియాపూరునకును, హయత్‌నగరు, వనస్థలిపురములనుండి ఎల్బీనగరునకును చేరుకొను చిన్న యుద్యోగులు, విద్యార్థులు, చీకటిపడిన పిదప నింటికి మఱలవలసిన స్త్రీలు వారిలో నున్నారు. ఇంటికిని స్టేషనుకును నడుమ నాలుగైదు కిలోమీటర్లుండును. ఆ దారిని వేళకు వచ్చు బస్సు లేదు. ఆటో నెక్కినచో రానుపోను బాడుగ మెట్రో టిక్కెట్టుతో పోటీపడును. అట్టివారికి స్కూటరు విలాసము కాదు. ప్రభుత్వము చేయని పనిని వారు తమ సొమ్ముతో చేసికొనుచున్నారనుట న్యాయము. వారి బండికి చోటు లేకుండ చేసినయెడల వారు నడచిరారు. ఆ బండిమీదనే నేరుగా కార్యాలయమునకు పోవుదురు. రైలొక ప్రయాణికుని కోలుపోవును, రోడ్డున నొక బండి హెచ్చును. కావున పొలిమేర స్టేషనులందు ద్విచక్రవాహనముల చోటు రైలునకు జనమును తెచ్చుననుట నిజము.

అయితే నిజమునకును కొలత యుండవలెను. మన దేశపు నగర ప్రణాళికా ప్రమాణములయందు ఆరుబయట నొక కారు నిలుచుటకును తిరుగుటకును కలిపి 23 చదరపు మీటర్ల తావు లెక్కింతురు. ఎకరమనగా సుమారు 4,047 చదరపు మీటర్లు. ఎకరమంతయు కార్లతో నిండినను 175 కార్లు పట్టును. మనలో కారునందు సాధారణముగా నొక్కడే వచ్చును. అనగా ఎకరము భూమిని సమర్పించి రైలు సంపాదించుకొను ప్రయాణికులు 175 మంది, రానుపోను 350 ప్రయాణములు. ఇట్టివి పదియెకరములు కార్లకొఱకు ధారపోసినను 3,500 ప్రయాణములే. 2024లో హైదరాబాదు మెట్రోలో దినమునకు జరిగిన ప్రయాణములు నాలుగున్నర లక్షలకు అటునిటుగా నుండెను. అందులో నీ పదియెకరముల ఫలము నూటికి ఒకటియు కాదు.

దీనితో బస్సును పోల్చి చూడుడు. నలువదిమంది కూర్చుండు బస్సొకటి ఉదయమున కాలనీలకును స్టేషనుకును నడుమ నైదుమాఱులు తిరిగినయెడల రెండువందలమందిని దింపును. ఎకరము కార్లచోటు తెచ్చువారికంటె వీరెక్కువ. ఆ బస్సునకు కావలసినది స్టేషను మెట్లకడ నిలుచుటకు నాలుగు బారల తావు. ద్విచక్రవాహనముల మాట వేఱు. ఒక కారు తావున ఎనిమిదింటికి తక్కువకాకుండ స్కూటర్లు పట్టును. అందువలననే పొలిమేరలందు వానికి చోటీయుటను మేము కాదనుట లేదు. కారుకును స్కూటరుకును పార్కింగు అను నొక్కపేరు పెట్టి యొక్కత్రాట కట్టుట తగదనియే మా వాదము.

చోటు పెంచినంత ప్రయాణికులు పెరుగకుండుటకు మఱి రెండు కారణములు కలవు. చోటు పెరుగగానే క్రొత్తగా బండి తెచ్చువారందఱును రైలునకు క్రొత్తవారు కారు. నిన్నటివఱకు బస్సుమీదనో, షేరాటోలోనో, కాలినడకనో వచ్చి రైలెక్కినవారు కొందఱు నేడు బండిమీద వత్తురు. స్టేషను ముంగిట నిలిచిన బండ్లను లెక్కించి యంతమంది క్రొత్త ప్రయాణికులు వచ్చిరని సంతసించుట పొరపాటు. ఎక్కుచున్న బస్సునకు జనము తగ్గి, ఆ బస్సు తరువాత రద్దయినయెడల బండిలేనివారు రైలునకే దూరమగుదురు. ఈ నష్టము ఏ లెక్కలోను వ్రాయబడదు.

రెండవ కారణము కాలమునకు సంబంధించినది. బండి నిలిపినవాడు సాయంకాలమునకుగాని తిరిగిరాడు. ఒక్కచోటు దినమంతయు నొక్కని సొత్తై యుండును. తెల్లవాఱి తొలిగంటలలో స్థలము నిండినపిదప పదిగంటలకు వచ్చువానికి ఆ స్థలము లేనట్లే. స్టేషనుచుట్టు ఇండ్లు, దుకాణములు, కార్యాలయములు, వైద్యశాలలు ఉన్నచో నట్లు కాదు. అచ్చటినుండి ఉదయము కొందఱు, మధ్యాహ్నము కొందఱు, రాత్రి కొందఱు ఎక్కుచు దిగుచుందురు. రైలు రెండు దిక్కులను నిండుగా నడచును. కారు నిలిచిన భూమి దినమునకొక పోక, ఒక రాక నిచ్చి యూరకుండును.

ఈ పాఠమును ధనము వెచ్చించి నేర్చుకొనిన దేశము అమెరికా. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతమున బార్ట్ అను రైలుమార్గము 1972లో ఆరంభమైనది. కార్లవారిని రైలునకు రప్పింపవలెనని దూరపు స్టేషనులచుట్టు విశాలమైన పార్కింగు మైదానములను పఱచిరి. ఫలితముగా పెక్కుచోట్ల స్టేషను ఊరినడుమ నుండియు ఊరికి అంటకుండ, కార్ల సముద్రమున నొక ద్వీపమువలె నిలిచెను. ఓక్లాండులోని ఫ్రూట్‌వేల్ స్టేషనుకడ బహుళాంతస్తుల పార్కింగు కట్టడము కట్టనెంచినపుడు, 1990ల తొలిదినములలో, అచ్చటి సామాన్యజనులు ఎదురుతిరిగిరి. మా పేటనుండి స్టేషనును వేఱుచేయు గోడ మాకు వలదనిరి. దాని ఫలమై కార్ల మైదానముండినచోట నిండ్లు, గ్రంథాలయము, వైద్యశాల, దుకాణములతో కూడిన వాడ వెలసి 2004లో తెఱవబడెను. 2018లో కాలిఫోర్నియా రాష్ట్రము స్టేషనులకడనున్న బార్ట్ భూములలో గృహనిర్మాణమునకు దారి సుగమము చేయుచు చట్టమొకటి కావించెను. నలువదియైదేండ్ల అనుభవముపై కార్లదేశమే కార్లచోటును ఇండ్లకు మఱలించుచుండగా, వారు విడిచిన త్రోవను మనము క్రొత్తగా పట్టుట వివేకమా? పరాయివారి మంచిని గ్రహించుట దోషముకాదు. వారు పాఱవేసినదానిని ఏఱి తెచ్చుకొనుట మాత్రము స్వాతంత్ర్యము గల జాతికి శోభింపదు.

గ్రహింపదగిన మంచి వేఱుచోట్ల కలదు. హాలెండు దేశమున ఊట్రెక్టు స్టేషనుక్రింద 12,500 సైకిళ్లు నిలుచు శాలను నిర్మించి 2019లో పూర్తిచేసిరి. అచ్చట రైలెక్క వచ్చువారిలో నూటికి నలువదిమంది దాక సైకిలుమీదనే వత్తురు. జపానులో స్టేషనులకడ సైకిళ్లు కుప్పలుగా పడియుండుట సమస్యయైనపుడు 1980లో దానికై చట్టమునే చేసిరి. టోక్యోలోని కసాయి స్టేషనుకడ 2008లో తొమ్మిదివేలకు పైగా సైకిళ్లకు శాల నేర్పఱచిరి. ఇరుకైన భూమిలో నెక్కువమందికి చోటు దొరకవలెననిన చిన్నబండికి పెద్దపీట వేయవలెనని వారు గుర్తించిరి. జపానులో కారు కొనువాడు దానిని నిలుపుకొనుటకు తనకు చోటుకలదని ముందుగా రుజువుచేయవలెనను చట్టము 1962నుండి కలదు. మనకడ కారు కొనుట వాని హక్కు, నిలుపుటకు చోటు చూపుట ఊరివారి బాధ్యత యన్నట్లున్నది.

ఇక మన యింటిసంగతి. 1917లో గాంధీమహాత్ముడు రైళ్లలోని మూడవతరగతి ప్రయాణికుల దురవస్థనుగూర్చి వ్రాసి లోకమున కెఱిగించెను. రైల్వేలకు సొమ్ము తెచ్చు సామాన్యుడు సౌకర్యములకడ కడపటివాడగుటయే ఆయన యెత్తిచూపిన యన్యాయము. నేడు మెట్రోరైలులో తరగతులు లేవు. పెట్టెలన్నియు నొక్కటే, చల్లదనమొక్కటే. కాని తరగతి పెట్టెనుండి దిగి స్టేషను ముంగిట నిలిచినది. కారులో వచ్చువానికి చోటెక్కడని చర్చలు జరుగుచున్నవి. నడచి వచ్చువానికి దారియెక్కడని యడుగువారరుదు. కాలిబాట యున్నచోట దానిమీద ట్రాన్స్‌ఫార్మరు, దుకాణపు మెట్లు, నిలిపిన బండ్లు. పెక్కు స్టేషనుల మెట్లు, లిఫ్టులు కాలిబాటమీదికే దిగి మిగిలిన తావును మ్రింగినవి. ఆకాశమున ముప్పదినిమిషములలో నగరమును దాటినవాడు, క్రిందికి దిగి రోడ్డు దాటుటకు ప్రాణములు పిడికిట పట్టుకొనవలసివచ్చుచున్నది. ఉట్టికెగురలేనమ్మ స్వర్గమున కెగిరినదను సామెత మనయెడ తలక్రిందులైనది; మనము స్వర్గమునకెగిరి ఉట్టికడ చిక్కువడితిమి.

ఇది మా కల్పన కాదు. 2017లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన మెట్రోరైలు విధానమునందే స్టేషనుకు ఇరుప్రక్కల నైదు కిలోమీటర్లవఱకు అనుబంధపు బస్సులు, నడకదారులు, సైకిలుదారులు ఏర్పఱచుదుమని రాష్ట్రములు పథకముననే పూచీపడవలెనని కలదు. రైలుమార్గము కట్టుటతో పని ముగియదని దాని సారాంశము. ఇల్లలుకగానే పండుగ కాదని మన పెద్దలు ఏనాడో చెప్పిరి. 2017 నవంబరులో మియాపూరు–నాగోలు మార్గము మొదలై, 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్‌స్టేషను–మహాత్మాగాంధీ బస్‌స్టేషను మార్గముతో హైదరాబాదు మెట్రో తొలిదశ 69 కిలోమీటర్లకు చేరినది. ఇల్లలుకుట యయినది, పండుగ మిగిలియున్నది.

పార్కింగు కట్టడములు కోరువారు మఱవరాని సంగతి యింకొకటి కలదు. నేటి కడపటి స్టేషను రేపటి నడిమి స్టేషను. ఢిల్లీలో దిల్షాద్ గార్డెను 2008లో మార్గపు చివర. 2019లో రైలు ఘజియాబాదువఱకు పోయినది. నోయిడా సిటీసెంటరు 2009లో చివర. 2019లో మార్గము దానిని దాటి ఎలక్ట్రానిక్ సిటీకి పోయినది. ఇరువదియేండ్లైన పూర్తికాకముందే పొలిమేర జరిగిపోయినది. మన రాష్ట్రప్రభుత్వము 2024 నవంబరులో కేంద్రమునకు పంపిన 76.4 కిలోమీటర్ల రెండవదశ ప్రతిపాదనలను చూడుడు: మియాపూరునుండి పటాన్‌చెరునకు 13.4 కిలోమీటర్లు, ఎల్బీనగరునుండి హయత్‌నగరునకు 7.1 కిలోమీటర్లు, నాగోలునుండి శంషాబాదు విమానాశ్రయమునకు 36.8 కిలోమీటర్లు. ఇవి కార్యరూపము దాల్చిననాడు నేడు పార్కింగుకై తగవులాడుచున్న మూడు స్టేషనులును నడిమి స్టేషనులగును. పటాన్‌చెరువాడు మియాపూరునకు బండిమీద రానక్కఱలేదు. అప్పుడు మియాపూరున కోట్లు వెచ్చించి కట్టిన సిమెంటు అంతస్తులు ఎవరికై? నేలమీద గీతలు గీసి స్కూటర్లను నిలుపనిచ్చుట తప్పుకాదు. అవసరము తీఱినపిదప గీతలు చెఱపవచ్చును. కట్టడమును చెఱపుట యెవరి తరము? దానిపై పెట్టిన పెట్టుబడిని రాబట్టుకొనుటకై బండ్లను రప్పింపవలసిన దుఃస్థితి కలుగును.

రుసుము మాట. ఉచితమనునది లోకమున లేదు. ఒకడు చెల్లింపనిది వేఱొకడు చెల్లించును. నగరపు భూమిలో దినమంతయు బండి నిలుపుకొనినవాడేమియు నీయనిచో, ఆ భూమివెల నడచివచ్చినవాని టిక్కెట్టునందో, పన్నునందో దాగియుండును. అట్లని నాలుగు కిలోమీటర్ల దూరమున బస్సులేక బండి తెచ్చుకొనిన యుద్యోగిపై ముందు రుసుము విధించి, తరువాత బస్సును గూర్చి యాలోచింతుమనుట న్యాయముకాదు. 2025 మే నెలలో మెట్రో ఛార్జీలు పెరిగి, కనీసము పదినుండి పండ్రెండు రూపాయలకును, గరిష్ఠము అఱువదినుండి డెబ్బదియైదునకును పోయి, కొలదిదినములలో నూటికి పది తగ్గింపుతో 11, 69 రూపాయలకు దిగినవి. ఛార్జీలపెంపునకు తోడు పార్కింగు రుసుము సామాన్యునికి గోరుచుట్టుపై రోకటిపోటైనది. ముందు బస్సు, పిదప రుసుము, ఇదియే క్రమము. ఈ క్రమము తలక్రిందులైనపుడు ప్రయాణికుడు రుసుమును తప్పించుకొనుటకు రైలునే తప్పించుకొనును.

న్యాయముగా విధించిన రుసుమువలన మేలును కలదు. స్టేషనుతో సంబంధములేక చుట్టుప్రక్కల దుకాణములకు వచ్చినవారు బండిని దినమంతయు నిలిపి రైలెక్కువాని చోటును ఆక్రమించుట తగ్గును. నడువగలవారు నడతురు, పదిగంటలకు వచ్చినవానికిని కొంతచోటు మిగులును. కావలసినది వివక్ష. సైకిలునకు రుసుము కూడదు. వికలాంగుల బండ్లకు మెట్లకడనే ఉచితముగా చోటుండవలెను. మెట్రోకార్డుతో ప్రయాణించినవాని స్కూటరునకు నామమాత్రము. కారునకు అది యాక్రమించు నేలకు తగినంత. అనగా స్కూటరునకు ఎనిమిదిరెట్లకు తక్కువకాకుండ. వసూలైన ప్రతి రూపాయయు ఆ స్టేషనుచుట్టు కాలిబాటలకును, దీపములకును, అనుబంధపు బస్సులకును వినియోగించి, ఆ లెక్కను స్టేషను గోడమీదనే వ్రాసి చూపవలెను. అప్పుడు చెల్లించువానికిని రోషముండదు.

ఇవియన్నియు నెవరు చేయవలెనను సందేహమునకును తావులేదు. తొలిదశ మెట్రోను నిర్మాణసంస్థనుండి స్వీకరించుటకు 2025 సెప్టెంబరులో రాష్ట్రప్రభుత్వము సూత్రప్రాయముగా నంగీకరించినది. యాజమాన్య మెవరిచేత నుండినను, కాలిబాట నగరపాలక సంస్థది, బస్సు ఆర్టీసీది, ఆ రెంటిని నడుపుట ప్రభుత్వపు చేతిలోనిది. రైలువారు బస్సువారినని, బస్సువారు రోడ్డువారినని సాకుచెప్పుకొను దినములు పోవలెను. మేము కోరునవి పెద్దకోరికలు కావు. ప్రతి స్టేషనుకును నాలుగుదిక్కుల అరకిలోమీటరు మేర కాలిబాటను అడ్డంకులులేకుండ చేయుడు. రాత్రివేళ స్త్రీ యొంటరిగా నడువగల వెలుతురు నుంచుడు. బస్సును మెట్లకడకు తెండు; రైలువచ్చు వేళలకు దానిని కలుపుడు; రెంటికిని ఒక్క టిక్కెట్టు చాలునట్లు చేయుడు. పొలిమేర స్టేషనులందు స్కూటర్లకు నేలమీద చోటీయుడు; నడిమి స్టేషనులందు కార్లకై క్రొత్తగా గజము భూమినైనను ఈయకుడు. రెండవదశ పటములలో పార్కింగు గడి గీయుటకు ముందు కాలిబాట గీత గీయుడు. ఏ స్టేషనుకు ఎందఱు నడచి, ఎందఱు బస్సుమీద, ఎందఱు బండిమీద వచ్చుచున్నారో యేటేట విచారించి ప్రకటింపుడు. ఆ లెక్క ప్రజలముందు ఉన్ననాడు ఈ వివాదములలో సగము తమంతట నవే తీఱును.

మెట్రోరైలునకై నగరజనులు రోడ్లను త్రవ్వనిచ్చిరి, దుకాణములు పోగొట్టుకొనిరి, ఏండ్లతరబడి దుమ్మును, ఇక్కట్లను ఓర్చుకొనిరి. అట్లోర్చుకొనినవారిలో కారుగలవారికంటె కారులేనివా రెక్కువ. వారు తమ త్యాగమునకు ప్రతిఫలముగా నడుగుచున్నది స్టేషనుదాక నడచిపోవుటకు నాలుగడుగుల వెడల్పు దారి. బండ్లకు చోటెంత యను ప్రశ్నను పాలకులు దానికి తరువాత విచారింతురుగాక. మొదట ఆ నాలుగడుగులను ఇత్తురా?